18 నిండిన మర్నాడు ఎక్కడ పడుకోవాలి?

ఈ ఎపిసోడ్‌ని ఒక సంక్రాంతి సెలవుతో మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట నేను అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటూ ఎస్.ఆర్. నగర్‌లో ఒక బాయ్స్ హాస్టల్లో ఉండేవాణ్ని. ఫోర్ షేరింగ్ రూమ్. ఆ హాస్టళ్ల సంగతి మీలో చాలామందికి తెలుసు. నీళ్ల చారు, ఆదివారం లెక్కపెట్టి వేసే చికెన్ ముక్కలు, బకెట్ కోసం క్యూ. పండక్కి రెండ్రోజుల ముందే సగం హాస్టల్ ఖాళీ అయింది. గోడ మీద "పండగ మూడు రోజులు మెస్ బంద్" అని కాగితం అంటించారు. నేను బ్యాగ్ సర్దుకుంటూ రూమ్మేట్‌ని అడిగాను: "నువ్వెప్పుడు బయల్దేరుతున్నావ్ రా?"

వాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "నేను ఇక్కడే ఉంటా" అన్నాడు.

పండగ తర్వాత తిరిగొచ్చి చూస్తే, మంచం కింద బ్రెడ్ కవర్లు, అరటిపండు తొక్కలు. ఆ రాత్రి చెప్పాడు. వాడు చిన్నప్పటి నుంచి ఒక హోమ్‌లో పెరిగాడు. అమ్మానాన్న లేరు. 18 నిండాక సర్టిఫికెట్లు చేతికిచ్చి పంపించేశారు. ఏ ఫారంలో అయినా "పర్మనెంట్ అడ్రస్" దగ్గర ఆ హోమ్ అడ్రసే రాసేవాడు. మరి పండక్కి అక్కడికైనా వెళ్లొచ్చుగా అన్నాను. "వెళ్తే లోపలికి రానిస్తారు రా, పడుకోనివ్వరు" అన్నాడు.

మనకి 18 అంటే ఓటు, డ్రైవింగ్ లైసెన్స్. వాడికి 18 అంటే ఖాళీ చేయాల్సిన తేదీ.

ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. ఈ 18 గీత ఎవరు గీశారు? గీత దాటినవాళ్ల గురించి మన దేశంలో, మన తెలుగు నేలమీద, ఎవరైనా ఆలోచించారా? దీని గురించి చదవడం మొదలుపెడితే వందేళ్లకు పైగా చరిత్ర కనబడింది. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఒక పాత మాటతో మొదలుపెడదాం. "వారాలు చేసుకుని చదువుకున్నాడు" అని మీ తాతయ్యో, నానమ్మో ఎవరి గురించైనా చెప్పగా వినే ఉంటారు. ఊళ్లో బడి ఉండదు. పట్నంలో చదవాలి, పట్నంలో ఎవరూ లేరు. అప్పుడు ఏడు ఇళ్లు మాట్లాడుకునేవాళ్లు. సోమవారం ఒక ఇంట్లో భోజనం, మంగళవారం ఇంకో ఇంట్లో. రాత్రి ఎవరి అరుగు మీదో నిద్ర. స్కాలర్‌షిప్ లేని కాలంలో అదే స్కాలర్‌షిప్.

వినడానికి బావుంది కదా. కానీ ఆ ఏడు ఇళ్లు ఎవరికి దొరికేవి? ఎక్కువగా బ్రాహ్మణ కుర్రాళ్లకి. ఎందుకంటే గుమ్మం దగ్గర మొదటి ప్రశ్న "ఎవరబ్బాయివి?" అని. తర్వాత కాలంలో హాస్టళ్లు వచ్చాయి. హైదరాబాద్‌లో 1918లో రెడ్డి హాస్టల్ మొదలైంది. నగర కొత్వాల్‌గా పనిచేసిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి దానికి పెద్ద దిక్కు. పల్లెల నుంచి వచ్చిన ఎంతోమంది అక్కడ ఉండి చదువుకున్నారు. అలా ఒక్కో కులం వాళ్లూ తమ పిల్లల కోసం హాస్టళ్లు కట్టుకున్నారు. ఇవి చాలా మంచి పనులు, కాదనను. కానీ గమనించండి, అమ్మానాన్న పేదవాళ్లైనా కుర్రాడి వెనక ఒక కులం ఉండేది, ఒక ఊరు ఉండేది, "మా వాడు" అనేవాళ్లు ఉండేవాళ్లు. మా రూమ్మేట్‌కి అది కూడా లేదు. వాడికి తన కులం ఏంటో తెలియదు, ఊరు ఏదో తెలియదు. "ఎవరబ్బాయివి?" అంటే చెప్పడానికి ఏమీ లేదు.

"మా వాళ్లు" అనేవాళ్లే వదిలేసిన యువతీయువకుల సమస్య మన దగ్గర మొదటిసారి గట్టిగా బయటపడింది రాజమండ్రిలో. 1881 డిసెంబర్ 11న కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. పెళ్లికొడుకు గోగులపాటి శ్రీరాములుకి 22 ఏళ్లు, పెళ్లికూతురు గౌరమ్మకి 12. మన పాఠ్యపుస్తకాల్లో కథ ఇక్కడితో ఆగిపోతుంది. పెళ్లయింది, సంస్కరణ గెలిచింది, అంతే.

కానీ పెళ్లి మర్నాడు ఏమైంది? ఊరు వాళ్లని వెలివేసింది. ఇలాంటి పెళ్లిళ్లతో సంబంధం ఉన్నవాళ్లకి అద్దె ఇల్లు దొరకడమే కష్టం. వంటవాళ్లు రారు, నీళ్లు మోసేవాళ్లు రారు. వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు స్వయంగా గోదావరి నుంచి నీళ్లు తెచ్చి వండిపెట్టారు. పెళ్లి చేసుకున్నవాళ్లకి ఉండే చోటు, బతకడానికి దారి చూడడం ఆ దంపతుల పనైపోయింది. తర్వాత వితంతువుల కోసం శరణాలయం కూడా పెట్టారు. చివరికి వీరేశలింగం తన ఆస్తిని హితకారిణీ సమాజానికి రాసిచ్చారు.

నాకు ఇందులో కనబడింది ఏంటంటే, ఒక మనిషిని కష్టంలోంచి బయటికి లాగడం ఒక రోజు పని. ఆ తర్వాత వాళ్లు తమ కాళ్లమీద నిలబడేదాకా తోడుండడం ఏళ్ల పని. మొదటి దానికి చప్పట్లు వస్తాయి, రెండోదానికి ఖర్చే వస్తుంది.

ఇక ప్రభుత్వం సంగతికి వద్దాం. 1920లో మద్రాసు ప్రెసిడెన్సీ ఒక చట్టం చేసింది. మద్రాసు చిల్డ్రన్ యాక్ట్. పిల్లల కోసం మన దేశంలో ఒక ప్రాంతం చేసుకున్న ఇలాంటి చట్టాల్లో ఇదే మొదటిది. బెంగాల్ 1922లో, బొంబాయి 1924లో చేశాయి. అప్పుడు కోస్తా, రాయలసీమ మద్రాసులో భాగం కాబట్టి అది మన చట్టం కూడా. తెలంగాణ నిజాం పాలనలో ఉంది కాబట్టి అక్కడికి రాలేదు.

ఆ చట్టం గొప్పతనం ఏంటంటే, పిల్లల్ని పెద్ద ఖైదీలతో కలిపి పెట్టకూడదని ఒప్పుకుంది. లోపం ఏంటంటే, నేరం చేసిన పిల్లాడికీ, ఏ నేరమూ చేయకుండా దిక్కులేనివాడైన పిల్లాడికీ ఒకటే చట్టం. ఇద్దరికీ కోర్టే, ఇద్దరికీ "సర్టిఫైడ్ స్కూల్" అనే సంస్థే. అందుకే మన ఊళ్లలో ఇప్పటికీ "హోమ్‌లో పెరిగాడు" అంటే కొంతమంది "ఏం చేశాడు?" అని అడుగుతారు. ఏమీ చేయలేదండీ. అమ్మానాన్న పోయారు, అంతే. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు, చట్టం కట్టిన గోడల్లోంచే వచ్చింది.

"ఆఫ్టర్‌కేర్" అనే మాట కూడా అలాగే మొదట జైళ్ల చుట్టూ తిరిగింది. బయటికొచ్చినవాడు మళ్లీ తప్పుదారి పట్టకుండా చూడడం అని దానికి అర్థం. అంటే సాయం కన్నా నిఘా ఎక్కువ.

ఈ ఆలోచన మారడంలో ఒక తెలుగావిడ పాత్ర ఉంది. పేరు మీకు తెలుసు, దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు, పెద్దయ్యాక ఆ పెళ్లి వద్దని చెప్పి బయటికొచ్చారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. జైల్లో తన చుట్టూ ఉన్న ఆడవాళ్లని చూశారు. చాలామందికి చదువు లేదు, తమ మీద కేసేంటో కూడా సరిగ్గా తెలియదు. లా చదవాలన్న ఆలోచన ఆవిడకి అక్కడే వచ్చింది.

ఆవిడ జీవితంలో నాకు బాగా నచ్చిన సంఘటన ఇంకోటి ఉంది. 1930ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరడానికి వాల్తేరు వెళ్లారు. వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు, ఆడపిల్లలకి హాస్టల్ లేదు కాబట్టి సీటు ఇవ్వలేమన్నారు. సీటు ఉంది, మార్కులు ఉన్నాయి, లేనిది పడుకునే చోటు. దుర్గాబాయి ఏం చేశారంటే, పేపర్లో ప్రకటన ఇచ్చారు. హాస్టల్ లేక చేరలేకపోతున్న అమ్మాయిలు ఉంటే నాకు రాయండి అని. రాశారు. అందరూ కలిసి ఒక ఇల్లు చూసుకుని హాస్టల్ మొదలుపెట్టారు. ఆ తర్వాత వైస్ చాన్సలర్‌కి వేరే దారి లేకపోయింది.

అలాంటి మనిషి 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యారు. ఆ మరుసటి ఏడాదే బోర్డు రెండు కమిటీలు వేసింది. ఒకటి, వ్యభిచార కూపాల నుంచి బయటపడ్డ ఆడవాళ్ల గురించి. రెండోది, అచ్చంగా ఆఫ్టర్‌కేర్ గురించి. జైళ్లు, అనాథాశ్రమాలు, ఇతర సంస్థల నుంచి బయటికొచ్చేవాళ్లు ఆ తర్వాత ఎలా బతకాలి అని. దానికి సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎస్. గోరే నాయకత్వం వహించారు. 1955లో నివేదికలు వచ్చాయి. రెండో పంచవర్ష ప్రణాళికలో ఆ ఆలోచనలు పథకాలయ్యాయి. జిల్లాల్లో షెల్టర్లు, రాష్ట్రాల్లో "స్టేట్ హోమ్" అనే పేరుతో వసతి గృహాలు.

స్టేట్ హోమ్. హైదరాబాద్ వాళ్లకి ఈ పేరు ఎక్కడో విన్నట్టుంది కదా? యూసుఫ్‌గూడ, మధురానగర్ వైపు వెళ్తే ఆటోవాళ్లు కూడా చెప్పే గుర్తు అది. నేను ఉన్న హాస్టల్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. రోజూ ఆ దారినే పోతూ, అది ఏదో ఆఫీసు అనుకునేవాణ్ని. ఒకవైపు వేలమంది కుర్రాళ్లు ఇంటి నుంచి వచ్చే డబ్బుతో కోచింగ్ తీసుకునే ఎస్.ఆర్. నగర్. పక్కనే, ఇల్లే లేనివాళ్ల కోసం ఒక తరం ఆలోచించి పెట్టిన పేరు. మధ్యలో మేం టీ తాగే బండి.

సరే, చట్టం సంగతి చూద్దాం. 1986లో దేశమంతటికీ కలిపి జువెనైల్ జస్టిస్ చట్టం వచ్చింది. అందులో అబ్బాయి 16 వరకే బాలుడు, అమ్మాయి 18 వరకు బాలిక. 2000లో కొత్త చట్టం ఇద్దరికీ 18 చేసింది. సంస్థ వదిలాక మూడేళ్లకు మించకుండా ఆఫ్టర్‌కేర్ ఇచ్చే ఏర్పాటూ పెట్టింది. ఇప్పుడు నడుస్తున్నది 2015 చట్టం. అందులో ఆఫ్టర్‌కేర్ అంటే 18 నిండి 21 నిండనివాళ్లకి, సంస్థ వదిలి సమాజంలో కలవడానికి ఇచ్చే ఆర్థిక లేదా ఇతర సాయం అని రాశారు. 2016 మోడల్ రూల్స్ ఇంకొంచెం ముందుకెళ్లి, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు కూడా ఇవ్వొచ్చన్నాయి.

ఆ రూల్స్‌లో ఏముందో విన్నారంటే ఆశ్చర్యపోతారు. ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండేలా తాత్కాలిక గ్రూప్ ఇళ్లు. ట్రైనింగ్ తీసుకుంటున్నంతకాలం స్టైపెండ్. పై చదువులకి స్కాలర్‌షిప్, ఉద్యోగం వచ్చేదాకా అండ. సొంతంగా ఏదైనా పెట్టుకోవాలంటే లోన్‌కి సాయం. వీటన్నిటితో పాటు, క్రమం తప్పకుండా మాట్లాడే ఒక కౌన్సెలర్. నేను చదివి, ఇదేదో మా ఇంట్లో అమ్మానాన్న నాకు చేసిందే కదా అనుకున్నాను. హాస్టల్ ఫీజు కట్టారు, ఉద్యోగం వచ్చేదాకా డబ్బు పంపారు, రోజూ రాత్రి "తిన్నావా?" అని ఫోన్ చేశారు. రూల్స్ రాసినవాళ్లు ఒక మామూలు కుటుంబం చేసే పనినే జాబితాగా రాశారు.

మరి ఇంత మంచిగా రాసి ఉంటే మా రూమ్మేట్ బ్రెడ్ తిని పండగ ఎందుకు గడిపాడు?

అసలు కిటుకు ఒక్క మాటలో ఉంది. 2015 చట్టం సెక్షన్ 46 చూడండి. 18 నిండి సంస్థ వదిలేవాళ్లకి ఆర్థిక సాయం "ఇవ్వవచ్చు" అని ఉంది. "ఇవ్వాలి" అని లేదు. ఇవ్వవచ్చు అంటే ఏంటో మనకి తెలుసు కదా. బడ్జెట్ ఉంటే ఇస్తారు, ఆఫీసర్‌కి ఆసక్తి ఉంటే ఇస్తారు, కుర్రాడికి తెలిసి అడిగితే ఇస్తారు. ఒక జిల్లాలో దొరికింది పక్క జిల్లాలో దొరకదు. హక్కు కాస్తా అదృష్టం అయిపోతుంది.

ఈ ఒక్క మాట ఎంత తేడా చేస్తుందో ఇంగ్లండ్ చరిత్ర చూస్తే అర్థమవుతుంది. అక్కడ కూడా ఇలాగే ప్రభుత్వ సంరక్షణలో పెరిగిన పిల్లలు 16, 17 ఏళ్లకే బయటికొచ్చి లండన్ వీధుల్లో తేలేవాళ్లు. 1969లో సోహో అనే పేటలో ఒక చర్చి నేలమాళిగలో కెన్నెత్ లీచ్ అనే ఫాదర్ రోడ్డున పడ్డ కుర్రాళ్ల కోసం రాత్రి బస మొదలుపెట్టారు. దానికి సెంటర్‌పాయింట్ అని పేరు. ఆ దగ్గర్లోనే అదే పేరుతో ఒక పెద్ద టవర్, ఏళ్ల తరబడి ఖాళీగా ఉండేది. ఎత్తిపొడుపుగా ఆ పేరే పెట్టారు. అలాంటి సంస్థలు ఏళ్లకేళ్లు ఒత్తిడి తెచ్చాక, 2000లో అక్కడ లీవింగ్ కేర్ చట్టం వచ్చింది. అంతకుముందు స్థానిక ప్రభుత్వాలు "చేయవచ్చు" అన్నవాటిలో చాలా వాటిని "చేయాలి"గా మార్చింది. ప్రతి ఒక్కరికీ ఒక పర్సనల్ అడ్వైజర్, ఒక ప్లాన్ ఉండాలంది. అక్కడ అన్నీ బాగైపోయాయని చెప్పను. లండన్ వీధుల్లో ఇప్పటికీ కుర్రాళ్లు పడుకుంటున్నారు. కానీ అడిగే హక్కు వాళ్ల చేతిలో ఉంది. అది తేడా.

మన దగ్గర "ఇవ్వాలి" అని రాయడం అసాధ్యమా? కాదు. మన ప్రభుత్వమే ఒకసారి దగ్గర దగ్గరగా ఆ పని చేసింది. కోవిడ్ సమయంలో తల్లిదండ్రులిద్దర్నీ కోల్పోయిన పిల్లల కోసం 2021 మేలో పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ పథకం తెచ్చారు. అందులో 18 నుంచి 23 వరకు నెలనెలా స్టైపెండ్, 23 నిండాక 10 లక్షలు. అంటే 18కి ఒక మనిషి తన కాళ్లమీద నిలబడిపోడని, కనీసం 23 దాకా అండ కావాలని ప్రభుత్వానికి తెలుసు. మరి క్యాన్సర్‌తోనో, యాక్సిడెంట్‌లోనో అమ్మానాన్నని పోగొట్టుకున్న పిల్లాడి సంగతేంటి? వాడికి కూడా 18, 19, 20 అదే వరసలో వస్తాయి కదా. వాళ్లకి ఇప్పుడున్నది మిషన్ వాత్సల్య. అందులో ఆఫ్టర్‌కేర్ కింద నెలకి 4,000 రూపాయలు. ఎస్.ఆర్. నగర్‌లో ఫోర్ షేరింగ్ రేటు కనుక్కుని, ఈ 4,000 పక్కన పెట్టి మీరే లెక్కేసుకోండి.

డబ్బు ఒక్కటే కాదు, కాగితాల సమస్య ఇంకోటి. ఇందాక చెప్పాను కదా, "ఎవరబ్బాయివి?" అనే ప్రశ్న. దానికి ప్రభుత్వ కాగితాల్లో ఒక జవాబు ఉందని చాలామందికి తెలియదు. మన బీసీ-ఏ జాబితాలో ఒక ఎంట్రీ ఉంది. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రులను కోల్పోయి, చూసుకునేవాళ్లెవరూ లేక, ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న బడిలోనో అనాథాశ్రమంలోనో చేరిన పిల్లలు అని. కులం తెలియని పిల్లలకి రిజర్వేషన్ జాబితాలో చోటిచ్చారు. ఏడు వారాల ఇళ్ల కాలం నుంచి ఇక్కడిదాకా రావడం చిన్న విషయం కాదు. కానీ ఆ సర్టిఫికెట్ హోమ్‌లో ఉన్నప్పుడే తీయించుకోవాలి. బయటికొచ్చి అడ్రస్ లేకుండా ఆఫీసుల చుట్టూ తిరగడం ఎంత కష్టమో మా వాడిని చూశాను.

కాబట్టి మీకు తెలిసినవాళ్లు ఎవరైనా హోమ్‌లో ఉండి 17లో పడితే, ఈ మూడు విషయాలు చెప్పండి. ఒకటి, ఆధార్, బ్యాంక్ అకౌంట్, ఆ సర్టిఫికెట్ అక్కడ ఉన్నప్పుడే తీసుకోమనండి. రెండు, జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లి ఆఫ్టర్‌కేర్ కోసం రాతపూర్వకంగా అప్లికేషన్ పెట్టమనండి. నోటిమాటగా అడిగితే నోటిమాటే జవాబుగా వస్తుంది. మూడు, 18 నిండకపోతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు.

ఈ చరిత్రంతా చదివాక నాకు అర్థమైంది ఇది. రాజ్యలక్ష్మమ్మ గారు మోసిన నీళ్ల బిందె, దుర్గాబాయి పేపర్ ప్రకటన, 2016 రూల్స్‌లోని ఆరుగురి ఇల్లు, అన్నీ ఒకటే చెప్తున్నాయి. పైకప్పు ఇవ్వడం సగం పనే. ఆ కప్పు కింద ఎన్నేళ్లు ఉండనిస్తారు, ఆ ఏళ్లలో "తిన్నావా?" అని ఎవరు అడుగుతారు అన్నది మిగతా సగం. మనం గోడలు కట్టాం, హోమ్‌లు పెట్టాం, వయసు గీతను 16 నుంచి 18కి, కాగితం మీద 21కి, 23కి జరిపాం. "వచ్చు"ని "ఆలి"గా మార్చడం మాత్రం మిగిలిపోయింది.

మా రూమ్మేట్ ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. బోడుప్పల్ వైపు ఒక సింగిల్ రూమ్ అద్దెకి తీసుకున్నాడు. మొన్న ఆధార్‌లో అడ్రస్ మార్చుకుని నాకు స్క్రీన్‌షాట్ పంపాడు. కింద ఒకటే లైన్: "ఈ సంక్రాంతికి మీరే రండి రా, మెస్ ఓపెన్."

వెళ్తున్నాం.